ఏ ఫ్లైట్, ఏ ల్యాండింగ్? విమానాల మాటలనూ మెట్ల మాటలనూ ఇంగ్లీషు నుంచి బల్గేరియన్‌లోకి తేవడం ఎలా

ఇంగ్లీషులో ‘ఫ్లైట్’ అంటే విమాన ప్రయాణమూ అవుతుంది, మెట్ల వరుసా అవుతుంది. ‘ల్యాండింగ్’ అంటే విమానం నేల మీద వాలడమూ అవుతుంది, రెండు మెట్ల వరుసల మధ్య మనం ఊపిరి తీసుకోవడానికి ఆగే చదునైన చోటూ అవుతుంది. ఇంగ్లీషులో ఇవి ఒకే మాటలు కావడం వల్ల, ఆ భాష నుంచి బల్గేరియన్‌లోకి అనువదించేవారికి విమానాశ్రయాల బోర్డులు, హోటళ్ల భద్రతా సూచనలు, ప్రయాణికుల కరదీపికలు చేతికి వచ్చినప్పుడు తరచుగా చిక్కులు వస్తాయి. బల్గేరియన్‌లో ఈ నాలుగు అర్థాలకూ నాలుగు వేర్వేరు మాటలున్నాయి. తెలుగు తెలిసినవారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ఆ సౌలభ్యం ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ అదే మోసం చేస్తుందో తెలుసుకుంటే పని సగం అయినట్టే.

ఈ వ్యాసంలో బల్గేరియన్ మాటలన్నిటినీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, కనుక ఉచ్చారణ గురించి ముందే రెండు మాటలు చెప్పాలి. బల్గేరియన్ త, ద లు మన త, ద ల లాగే పళ్లకు నాలుక ఆనించి పలికేవి కాబట్టి ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. నేను ‘త్స’ అని రాసిన చోట ‘చలి’, ‘చాప’ మాటల్లో వినిపించే దంత్య చకారాన్ని పలకండి. నేను ‘జ’ అని రాసిన చోట కొన్ని మాటల్లో ‘జీరో’లో వినిపించే శబ్దమూ, మరికొన్నింటిలో ‘ష’ను గొంతు కలిపి పలికితే వచ్చే శబ్దమూ ఉంటాయి. బల్గేరియన్లకు పొట్టి, అస్పష్టమైన ‘అ’కు ప్రత్యేకంగా ఒక అక్షరమే ఉంది. తెలుగులో దానికి సరైన గుర్తు లేదు గనుక మామూలు అకారంతోనే సరిపెట్టాను. మీరు నిజంగా అనువాదం చేసేటప్పుడు మాత్రం ముప్పై అక్షరాల సిరిలిక్ వర్ణమాలను నేర్చుకునే తీరాలి, దానికి దగ్గరి దారి లేదు.

మొదటి పని: వాక్యం విమానంలో ఉందా, మెట్ల మీద ఉందా తేల్చుకోవడం

ఇంగ్లీషు వాక్యం చేతికి రాగానే నిఘంటువు తెరవకండి, ముందుగా ఆ వాక్యం ఎక్కడ నిలబడి ఉందో చూడండి. విమాన ప్రయాణమనే అర్థంలో ‘ఫ్లైట్’కు బల్గేరియన్ మాట ‘పొలెత్’. మెట్ల వరుస అనే అర్థంలో భవన నిర్మాణం తెలిసినవారు వాడే మాట ‘స్తల్బిష్నొ రమొ’. ఇందులో రమొ అంటే భుజం, అంటే మెట్ల భుజం. విమానం వాలడం ‘కత్సనె’. మెట్ల మధ్య చదును ‘ప్లొష్తద్కా’. పిల్లల ఆటస్థలాన్ని కూడా బల్గేరియన్లు ‘దెత్స్కా ప్లొష్తద్కా’ అంటారు కాబట్టి, చుట్టూ ఉన్న వాక్యాల్లో మెట్ల ప్రస్తావన లేకపోతే ‘స్తల్బిష్నా ప్లొష్తద్కా’ అని పూర్తిగా రాయడం క్షేమం.

ఈ జాగ్రత్త ఎందుకు చెబుతున్నానంటే, నేనే ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక వసతిగృహం వారు అగ్నిప్రమాద సూచనలను ఒక్కో వరుసలో ఒక్కో వాక్యంగా విడదీసి పట్టిక రూపంలో పంపారు. అందులో ఒక గడిలో ‘వెయిట్ ఆన్ ద ల్యాండింగ్’ అన్న నాలుగు మాటలే ఉన్నాయి. దానికి ముందు రోజంతా విమానాశ్రయపు పత్రాలతో గడిపిన నేను, ‘ఆన్’ అన్న చిన్న మాటను కూడా గమనించకుండా, చేతికి అలవాటైనట్టు ‘ఇజ్చకయ్‌తె కత్సనెతొ’ అని రాసేశాను. ‘విమానం వాలేదాకా వేచి ఉండండి’ అని దాని అర్థం. దాన్ని సరిచూసిన బల్గేరియన్ సహోద్యోగి పక్కన ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపారు: ‘ఏ విమానం?’ రాయవలసింది ‘ఇజ్చకయ్‌తె నా ప్లొష్తద్కతా’, అంటే మెట్ల మధ్య చదును మీద వేచి ఉండండి అని. అప్పటి నుంచి విడివిడి వాక్యాల పట్టిక ఎవరు పంపినా, మూలపత్రం మొత్తాన్ని గాని ఆ చోటి ఫొటోను గాని అడిగి తెప్పించుకుంటున్నాను. మీరూ అడగండి, అడిగితే పోయేదేమీ లేదు. ‘ద సెకండ్ ఫ్లైట్ ఈజ్ షార్టర్’ అన్న వాక్యం ఒంటరిగా కనిపిస్తే అది రెండో ప్రయాణమో, రెండో మెట్ల వరుసో ఎంతటి అనువాదకులైనా చెప్పలేరు.

మెట్ల వరుస అని తేలిన తరువాత కూడా ఇంకొక మెలిక మిగులుతుంది. ‘టూ ఫ్లైట్స్ అప్’ అని మామూలు సంభాషణలో అన్నవారు సాధారణంగా రెండు అంతస్తులు పైన అనే ఉద్దేశిస్తారు. అక్కడ ‘ద్వా ఎతజా పొ-నగొరె’ అనాలి, ఎతజ్ అంటే అంతస్తు. భవనపు నమూనా వివరణలో అదే మాట వస్తే లెక్క మారిపోతుంది. మధ్యలో చదును ఉండి మలుపు తిరిగే మామూలు మెట్లదారిలో ఒక అంతస్తు ఎక్కడానికే రెండు వరుసలు పడతాయి కాబట్టి, అక్కడ ‘ద్వె రమెనా’ అని వరుసలనే లెక్కపెట్టాలి. ‘ఫెల్ డౌన్ ఎ ఫ్లైట్ ఆఫ్ స్టెయిర్స్’ వంటి చోట ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ‘పద్నా పొ స్తల్బితె’, అంటే మెట్ల మీంచి పడిపోయాడు అంటే సరిపోతుంది. నేల అంతస్తుకు ‘పర్తెర్’ అనే ప్రత్యేకమైన పేరుంది. ‘గ్రౌండ్ ఫ్లోర్’ను అలాగే రాస్తే ఏ అంతస్తును ఒకటిగా లెక్కించాలన్న తగాదా మీ మెడకు చుట్టుకోదు.

రెండో పని: ఇంగ్లీషు క్రియను పక్కన పెట్టి ఎక్కడం, దిగడం అన్న జంటలోంచి వెళ్లడం

విమానమైతే బోర్డ్, గెట్ ఆన్, మెట్లయితే క్లైంబ్, గో అప్, టేక్ అని ఇంగ్లీషు వారు అరడజను క్రియలు వాడతారు. తెలుగులో మనం విమానమూ ఎక్కుతాం, మెట్లూ ఎక్కుతాం, రెండూ దిగుతాం. బల్గేరియన్లూ సరిగ్గా అంతే. ‘కచ్వమ్ సె’ అంటే ఎక్కుతాను, ‘స్లిజమ్’ అంటే దిగుతాను. విమానానికీ మెట్లకూ బస్సుకూ ఈ రెండే. అందువల్ల ఇంగ్లీషు వాక్యాన్ని ముందు మనసులో తెలుగు చేసుకుని, ఆ తెలుగు క్రియను బల్గేరియన్‌కు మార్చడం నిఘంటువులో ‘బోర్డ్’ అని వెతకడం కన్నా నమ్మకమైన పద్ధతి.

పోలిక ఇక్కడితో ఆగదు. తెలుగులో ఎక్కు, ఎక్కించు అన్నట్టే బల్గేరియన్‌లో ‘కచ్వమ్ సె’ అంటే నేను ఎక్కడం, ‘సె’ తీసేసి ఒట్టి ‘కచ్వమ్’ అంటే దేన్నయినా ఎక్కించడం. సామాను ఎక్కించడం ‘కచ్వమ్ బగజా’. మనం ఫొటోను నెట్‌లోకి ఎక్కించాం అంటాం కదా, వాళ్లూ అక్కడ ఇదే క్రియ వాడతారు. దించడానికి మాత్రం ‘స్వలమ్’ అన్న వేరే క్రియ ఉంది. పైన పెట్టిన పెట్టెను దించడానికీ, నెట్ నుంచి ఫైలు దించుకోవడానికీ అదే. ‘కచ్వమ్’కు ముందు ‘ప్రె’ చేరిస్తే ‘ప్రెకచ్వమ్ సె’, అంటే ఒక వాహనం దిగి మరొకటి ఎక్కడం. ఇంగ్లీషులో ‘చేంజ్ ప్లేన్స్’, ‘ట్రాన్స్‌ఫర్’ అని కనిపించినచోట ఇదే సరైన మాట. ‘ఐ టుక్ టూ ఫ్లైట్స్ టు గెట్ హియర్’ అన్న వాక్యాన్ని ‘స్ ఎద్నొ ప్రెకచ్వనె’, అంటే ఒక్క మార్పుతో వచ్చాను అని చెప్పడం బల్గేరియన్ చెవికి ఎంతో సహజంగా ఉంటుంది. ముందు ‘ఇజ్’ చేరిస్తే ‘ఇజ్కచ్వమ్’, అంటే పై దాకా ఎక్కి పూర్తిచేయడం. బల్గేరియా రాజ్య స్థాపనకు 1300 ఏళ్లు నిండిన సందర్భంగా 1981లో షుమెన్ పట్టణం పైన కట్టిన స్మారకానికి ఊరి నుంచి 1300 మెట్లున్నాయి. వాటిని ఎక్కినవారు ‘ఇజ్కచిహ్ 1300 స్తపలా’ అని చెప్పుకుంటారు. అలిపిరి నుంచి నడిచి తిరుమల చేరినవారు తమ 3,550 మెట్ల గురించి బల్గేరియన్ మిత్రులకు చెప్పాలన్నా ఇదే వాక్యం, అంకె ఒక్కటి మార్చుకుంటే చాలు.

‘అప్‌స్టెయిర్స్’, ‘డౌన్‌స్టెయిర్స్’ అన్న మాటల్లోనూ తెలుగు దారే దగ్గరి దారి. ఇంగ్లీషులో మెట్ల పేరు ఉందని బల్గేరియన్‌లోనూ దాన్ని వెతకనక్కర్లేదు. ‘గొరె’ అంటే పైన, ‘నగొరె’ అంటే పైకి, ‘దొలు’ అంటే కింద, ‘నదొలు’ అంటే కిందికి. ఉన్నచోటును చెబుతున్నారా, వెళ్లే దిక్కును చెబుతున్నారా అని మనం పైన, పైకి అన్న తేడాతో చూపిస్తాం కదా, అదే తేడా అక్కడ ‘న’ అన్న ఉపసర్గతో కనిపిస్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ ‘అప్‌స్టెయిర్స్’ ఒకటే కాబట్టి, ఈ తేడా తెలుగు మనసుతో చదివినప్పుడే తడుతుంది.

తెలుగు మోసం చేసే చోటు

విమానం శంషాబాద్‌లో దిగింది అని మనం రోజూ అంటాం. ఆ ‘దిగింది’ని అలాగే తీసుకెళ్లి ‘సమొలెతత్ స్లెజె’ అని రాశారా, విమానం మనిషిలాగా మెట్లు దిగి వచ్చిందన్నంత వింతగా ఉంటుంది. ‘స్లిజమ్’ ప్రధానంగా వాహనంలోంచో ఎత్తులోంచో దిగే ప్రయాణికుల క్రియ. విమానం తానుగా చేసే పనికి ‘కత్సమ్’ అన్న క్రియను వాడాలి. ఇది మొదట పక్షులది. పిట్ట కొమ్మ మీద వాలిందనడానికి వాళ్లు వాడే క్రియే విమానానికీ వచ్చింది. అందుకే విమానం ల్యాండయిన వాక్యాన్ని తెలుగు చేసుకునేటప్పుడు ‘దిగింది’ అనుకోకండి, ‘వాలింది’ అనుకోండి, ‘సమొలెతత్ కత్స్నా’ తనంతట తానే వస్తుంది. గాలిలోకి లేవడం ‘ఇజ్లితమ్’, ఇంకా పైకి పోవడం ‘నబిరా విసొచినా’, అంటే ఎత్తు అందుకుంటోంది అని. ఎత్తు తగ్గించుకుంటూ రావడం ‘సె స్నిజవా’. ఇక్కడ కూడా ‘కిందికి దిగుతోంది’ అన్న తెలుగును నమ్మకండి. లోపల కూర్చున్నవారు విమానంతో పాటు తామూ వాలినట్టు ‘కత్స్నహ్మె’, అంటే వాలాం అని చెప్పుకోవడం మామూలే. అది విమానం నేలకు తాకిన క్షణం గురించిన మాట, మెట్లు దిగి నేల మీద కాలు పెట్టడం గురించి కాదు.

ఎత్తుల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. విమానాల ఎత్తును ఇంగ్లీషులో అడుగుల్లో చెబుతారు, బల్గేరియన్ పాఠకులకు మీటర్లు అలవాటు. 33,000 అడుగులు అని ఉంటే 10,000 మీటర్లు అని మార్చి రాయండి. సాంకేతిక పత్రం అయితే మాత్రం అడుగులను ముట్టుకోకండి.

మూడో పని: చిన్న మాటలను సరిచూడడం

తెలుగులో ‘విమానం ఎక్కాను’, ‘మెట్లు ఎక్కాను’ అన్న రెండు చోట్లా విభక్తి అక్కర్లేదు. బల్గేరియన్‌లో క్రియ ఒక్కటే అయినా, ముందు నిలిచే చిన్న మాట మారుతుంది. విమానం ఎక్కేటప్పుడు ‘నా’, దిగేటప్పుడు ‘ఒత్’, మెట్లకైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ‘పొ’. ‘కచిహ్ సె నా సమొలెతా’ అంటే విమానం ఎక్కాను, ‘స్ల్యజొహ్ ఒత్ సమొలెతా’ అంటే విమానంలోంచి దిగాను, ‘కచిహ్ సె పొ స్తల్బితె’ అంటే మెట్లెక్కాను, ‘స్ల్యజొహ్ పొ స్తల్బితె’ అంటే మెట్లు దిగాను. ‘పొ’ అంటే వెంబడి. మెట్లు మనం నడిచే దారి కాబట్టి దాని వెంబడే ఎక్కుతాం, దాని వెంబడే దిగుతాం. విమానం అలా కాదు, అది మనం చేరే చోటు, వదిలి వచ్చే చోటు. ఈ తర్కం బుర్రకెక్కితే ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

‘విమానంలో’ ప్రయాణించాను అన్నప్పుడు ‘స్’ రావాలి. కాని తరువాతి మాట ‘స’తోనో ‘జీరో’లో వినిపించే ‘జ’తోనో మొదలైతే అది ‘సస్’ అవుతుంది కాబట్టి ‘సస్ సమొలెత్’. అదే తీరున ‘వ్’ అన్నది ‘వ’, ‘ఫ’ ల ముందు ‘వవ్’ అవుతుంది: సోఫియాలో అంటే ‘వ్ సొఫియా’, వర్నాలో అంటే ‘వవ్ వర్నా’.

‘సె’ ఎక్కడ కూర్చోవాలన్నది కొత్తవారిని ఎక్కువగా తికమక పెడుతుంది. అది వాక్యానికి మొదటి మాటగా ఎప్పుడూ రాదు. వాక్యం క్రియతో మొదలైతే ‘సె’ క్రియ వెనక ఉంటుంది: ‘కచిహ్ సె’. ముందు మరో మాట ఉంటే క్రియకు ముందుకు జరుగుతుంది: నిన్న ఎక్కాను అంటే ‘వ్చెరా సె కచిహ్’. కాదనే ‘నె’, భవిష్యత్తును చెప్పే ‘ష్తె’, ఇంగ్లీషు ‘టు’ ఉన్నచోట వచ్చే ‘దా’ కూడా దాన్ని ముందుకే లాగుతాయి. బల్గేరియన్‌లో ‘ఎక్కడానికి’ వంటి తుమున్నంత రూపం లేదు. ‘ఐ వాంట్ టు బోర్డ్’ను ‘ఇస్కమ్ దా సె కచా’ అని, రెండు క్రియలకూ నేను అన్న పురుషను చేర్చి చెప్పాలి.

నాలుగో పని: నామవాచకాల తోక

బల్గేరియన్‌లో ఇంగ్లీషు ‘ద’కు సమానమైనది మాట ముందు కాక, మాట చివర అతుక్కుంటుంది. స్త్రీలింగానికి, నపుంసకానికి, బహువచనానికి ఇది తేలిక: ‘స్తల్బా’ అయితే ‘స్తల్బతా’, ‘లెతిష్తె’ అంటే విమానాశ్రయం, అది ‘లెతిష్తెతొ’, ‘స్తల్బి’ అయితే ‘స్తల్బితె’. పుంలింగ ఏకవచనంలో రెండు రూపాలున్నాయి. వాక్యానికి కర్త అయితే పూర్తి తోక, ‘సమొలెతత్’. మిగతా చోట్ల పొట్టి తోక, ‘సమొలెతా’. మాట్లాడేటప్పుడు చాలామంది ఈ తేడా పాటించరు గాని, అచ్చులో తప్పితే మాత్రం చదువుకోనివారు రాసినట్టు కనిపిస్తుంది. బల్గేరియన్ బడి పిల్లలు వాడే కిటుకు మీకూ పనికొస్తుంది: ఆ మాట స్థానంలో ‘తొయ్’, అంటే ‘అతడు’ పెట్టి చూడండి, అతికితే పూర్తి తోక. ‘నెగొ’, అంటే ‘అతణ్ణి’ పెట్టాల్సి వస్తే పొట్టి తోక. ఇంగ్లీషు వాక్యంలోని ‘ఇట్’ ఈ తేడాను చూపించదు. వాడు, వాణ్ణి అని రోజూ వేరు చేసి మాట్లాడే మనకు ఈ పరీక్ష వెంటనే అర్థమవుతుంది.

అంకెల తరువాత, మనుషులను చెప్పేది కాకపోతే, పుంలింగ నామవాచకం మామూలు బహువచనంలో ఉండదు, లెక్కింపు కోసం ప్రత్యేకమైన రూపం తీసుకుంటుంది. విమానాలు ‘సమొలెతి’, కాని రెండు విమానాలు ‘ద్వా సమొలెతా’, మూడు అంతస్తులు ‘త్రి ఎతజా’. చూడడానికి పొట్టి తోకలాగే ఉంటుంది గాని రెండూ ఒకటి కాదు. మెట్టు అంటే ‘స్తపలొ’, అది నపుంసకం కాబట్టి దానికి ఈ గొడవ లేదు, ‘ద్వె స్తపలా’ అంటే రెండు మెట్లు. ఈ ‘స్తపలొ’కు పాదం అన్న అర్థం కూడా ఉంది. ‘మైండ్ ద స్టెప్’ బోర్డుకు ‘వ్నిమానియె, స్తపలొ’ అని రాస్తే ఎవరూ పాదం అనుకోరు, జాగ్రత్త, మెట్టు ఉంది అనే అర్థమవుతుంది.

‘స్తల్బా’ ఏకవచనంలో ఉంటే తరచుగా నిచ్చెన అవుతుంది, బహువచనంలో ‘స్తల్బి’ మెట్లు అవుతాయి, మెట్లున్న గది మొత్తం ‘స్తల్బిష్తె’. విమానానికి ఆనించే చక్రాల మెట్లదారి ఒక్క ముక్కగా కదిలే వస్తువు కాబట్టి దాన్ని ఏకవచనంలోనే ‘స్తల్బతా నా సమొలెతా’ అనడం బాగుంటుంది. విమానాన్నీ భవనాన్నీ కలిపే సొరంగం లాంటి నడవను వాళ్లు ‘రకవ్’ అంటారు. రకవ్ అంటే చొక్కా చేయి. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన మాట ఇదే. ‘పరపెత్’ విషయంలో మాత్రం జాగ్రత్త: మనకు అలవాటైన పారాపెట్ మేడ మీది పిట్టగోడ, బల్గేరియన్‌లో అది మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ. ‘హోల్డ్ ద హ్యాండ్‌రెయిల్’ అంటే ‘ద్రజ్‌తె సె జా పరపెతా’.

ఐదో పని: ఒక్కసారి చేసేదా, మళ్లీ మళ్లీ చేసేదా

ప్రతి బల్గేరియన్ క్రియకూ దాదాపుగా ఒక జోడీ ఉంటుంది. ఒకటి జరుగుతున్న పనికి, అలవాటుకు, మరొకటి ముగిసే పనికి. ‘కచ్వమ్ సె’, ‘స్లిజమ్’, ‘కత్సమ్’ మొదటి రకానివి. ‘కచా సె’, ‘స్ల్యజా’, ‘కత్స్నా’ రెండో రకానివి. ప్రతి వారం విమానం ఎక్కుతాను అన్నప్పుడు మొదటిది, ఇప్పుడు ఎక్కాలి అన్నప్పుడు రెండోది: ‘త్ర్యబ్వా దా సె కచా’. బోర్డులు రాసేవారు కచ్చితంగా గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. ఒక పని చేయండి అన్నప్పుడు సాధారణంగా రెండో రకం వస్తుంది, ‘కచెతె సె’ అంటే ఎక్కండి, ‘స్లెజ్‌తె’ అంటే దిగండి. చేయకండి అన్నప్పుడు ఎప్పుడూ మొదటి రకమే, ‘నె సె కచ్వయ్‌తె’, ‘నె స్లిజయ్‌తె’. ఈ ‘తె’ మన ‘అండి’ వంటిది, మీరు అని పిలిచేవారికి. బోర్డుల మీదా ప్రకటనల్లోనూ ఇదే మర్యాద రూపం వాడాలి. ‘ఇన్ కేస్ ఆఫ్ ఫైర్ డూ నాట్ యూజ్ ద లిఫ్ట్’ అంటే ‘ప్రి పొజర్ నె ఇజ్పొల్జ్వయ్‌తె అసన్స్యొరా’, ఇందులోని అసన్స్యొర్ ఫ్రెంచి నుంచి వచ్చిన లిఫ్టు.

‘బోర్డింగ్’ వంటి నామరూపం కావలసినచోట మన ‘అడం’ లాగా ‘నె’ చేర్చండి, అది మొదటి రకం క్రియకే చేరుతుంది: ‘కచ్వనె’ ఎక్కడం, ‘స్లిజనె’ దిగడం, ‘ఇజ్లితనె’ గాలిలోకి లేవడం.

ఆరో పని: చూసిందా, విన్నదా

ఇది చాలామంది వదిలేసే మెట్టు. తెలుగువారు వదిలేయడానికి ఏ సాకూ లేదు. విమానం వాలడాన్ని కళ్లారా చూసినవారు ‘సమొలెతత్ కత్స్నా’ అంటారు. ఎవరో చెప్పగా విన్నవారు ‘సమొలెతత్ కత్స్నల్’ అంటారు. తెలుగులో చెప్పాలంటే మొదటిది వాలింది, రెండోది వాలిందట. మనం ‘అట’ను చివర తగిలించినట్టే వాళ్లు క్రియ రూపాన్నే మార్చేస్తారు. ‘సమొలెతత్ ఎ కత్స్నల్’ అని మధ్యలో ‘ఎ’ వస్తే అర్థం మళ్లీ మారి, ఇప్పటికే వాలి ఉంది అన్న ఫలితాన్ని చెబుతుంది. ఇంగ్లీషు వార్తలో ‘రిపోర్టెడ్లీ’, ‘అకార్డింగ్ టు’ కనిపిస్తే అది వాలిందా, వాలిందట అనాల్సిందా అని ఒక్క క్షణం తెలుగులో అనుకుని చూడండి. బల్గేరియన్‌లో ‘అట’ రూపాన్ని వదిలేసి మామూలు భూతకాలం రాస్తే, మీరే చూసి సాక్ష్యం చెబుతున్నట్టు అవుతుంది.

ప్రశ్నలకు కూడా తెలుగు దగ్గరగా ఉంది. మన ‘ఆ’ ఏ మాటకు తగిలితే దాన్నే ప్రశ్నించినట్టు, వాళ్ల ‘లి’ కూడా అలాగే చేస్తుంది. ‘ఇమా లి అసన్స్యొర్’ అంటే లిఫ్టు ఉందా. ‘కత్స్నా లి సమొలెతత్’ అంటే విమానం వాలిందా. ‘సమొలెతత్ లి కత్స్నా’ అంటే వాలింది విమానమేనా. ఇంగ్లీషులో గొంతు పెంచి తగ్గించి చెప్పేది ఇక్కడ మాట చోటుతోనే తేలిపోతుంది.

ఏడో పని: ఇంగ్లీషు నుడికారాలను విడదీయడం

‘టేక్ ద స్టెయిర్స్’ను మాటకు మాట మార్చకండి, మెట్లను తీసుకుపొమ్మన్నట్టు ధ్వనించే ప్రమాదం ఉంది. దిక్కు తెలిస్తే ఎక్కండి, దిగండి అనాలి, తెలియకపోతే ‘ఇజ్పొల్జ్వయ్‌తె స్తల్బితె’, మెట్లను ఉపయోగించండి అనాలి. ‘మిస్ ద ఫ్లైట్’కు ‘ఇజ్పుస్కమ్’, చేతిలోంచి జారవిడుచుకోవడం అన్న క్రియ ఉంది: ‘ఇజ్పుస్నహ్ సమొలెతా’. ‘గేట్’కు విమానాశ్రయంలో ‘ఇజ్హొద్’ అంటారు, అసలు అర్థం బయటికి వెళ్లే దారి. అత్యవసర ద్వారం కూడా ఇజ్హొదే, దానికి ముందు ‘అవరియెన్’ చేరుతుంది. అందువల్ల గేటు గురించి రాసేటప్పుడు పక్కనే సంఖ్య ఉండేలా చూసుకోండి. బోర్డింగ్ పాస్ ‘బొర్ద్నా కర్తా’, కిటికీ పక్క సీటు ‘మ్యస్తొ దొ ప్రొజొరెత్సా’. నడవా పక్క సీటు ‘మ్యస్తొ దొ పతెకతా’, పతెకా అంటే కాలిబాట. బెల్టులు బిగించుకోండి అన్నది ‘మొల్యా, జతెగ్నెతె కొలనితె’. ఇవి పట్టికలో పెట్టుకుని చూసుకుంటే చాలు, తర్కం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు ఒక వాక్యాన్ని మొత్తం చేసి చూద్దాం. ఒక ప్రయాణికుడి కథనంలో ఇలా ఉందనుకోండి: ‘వి మిస్డ్ అవర్ కనెక్టింగ్ ఫ్లైట్, టుక్ ద స్టెయిర్స్ డౌన్ టూ ఫ్లైట్స్ అండ్ వెయిటెడ్ ఆన్ ద ల్యాండింగ్ అంటిల్ ద డెస్క్ అప్‌స్టెయిర్స్ ఓపెన్డ్’. మొదటి ఫ్లైట్ ప్రయాణం, రెండోది మెట్లది. మాట్లాడుతున్నది భవన నిపుణుడు కాదు, ప్రయాణికుడు కాబట్టి రెండు వరుసలను రెండు అంతస్తులుగానే తీసుకుందాం. ల్యాండింగ్ మెట్ల మధ్య చదును. టేక్ అన్నది పక్కనే ‘డౌన్’ ఉంది కాబట్టి దిగడం. అప్‌స్టెయిర్స్ ఉన్నచోటును చెబుతోంది కాబట్టి నగొరె కాదు, గొరె. అంతా స్వయంగా అనుభవించి చెబుతున్నారు కాబట్టి ‘అట’ రూపం రాదు. కూర్చితే ఇలా వస్తుంది: ‘ఇజ్పుస్నహ్మె స్వర్జ్వష్తియా పొలెత్, స్ల్యజొహ్మె ద్వా ఎతజా పొ స్తల్బితె ఇ చకహ్మె నా ప్లొష్తద్కతా, దొకతొ ఒత్వొరిహా గిషెతొ గొరె.’ ఇందులో పొలెత్‌కు తోక లేకపోవడం గమనించండి, ముందున్న విశేషణమే దాన్ని తనకు తగిలించుకుంది. ఆ విశేషణానికీ పూర్తి తోక రాలేదు, ఎందుకంటే జారవిడిచినది మేము, ఆ ప్రయాణం కర్మ మాత్రమే.

వాక్యం పూర్తయ్యాక ఇంగ్లీషు మూలాన్ని మూసేసి, మీ బల్గేరియన్‌ను నోటితో తెలుగులోకి చెప్పుకోండి: మారాల్సిన విమానం చేజారింది, మెట్లమ్మట రెండు అంతస్తులు దిగాం, పైన కౌంటరు తెరిచేదాకా మెట్ల మలుపులో వేచి ఉన్నాం. ఇలా చెప్పుకుంటున్నప్పుడు ఎక్కడైనా విమానం మెట్లు దిగినా, మనుషులు కొమ్మ మీద వాలినా, అక్కడ ఆగి వెనక్కి వెళ్లి క్రియను మార్చండి.